ఆ కాగితం మీద లేని గడి

నెల్లూరు,
17-11-2024

చిరంజీవి చిన్నోడికి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేం క్షేమం. మొన్న శుక్రవారం కార్తీక పౌర్ణమి. మీ అమ్మ రంగనాయకుల గుడి దగ్గర పెన్నలో దీపాలు వదిలింది, నీ పేరు మీద ఒకటి ఎక్కువే. మోకాళ్లు సహకరించక నేను పై మెట్టు మీదే కూర్చున్నాను.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ కాగితం ఏమిటని నవ్వుకుంటావు. నువ్వు జనవరిలో వీసా స్టాంపింగుకి వస్తున్నావు కదా. ఈ గంజాయి మాటలు నీ వాట్సాప్‌లో ఉండటం నాకు ఇష్టం లేదు. తిరిగి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో అమెరికా అధికారులు ఫోను అడిగి తీసుకుని చూడొచ్చు, వాళ్లకా అధికారం ఉంది. ముప్పై ఏళ్లు వకీలు దగ్గర గుమాస్తాగా చేసినవాణ్ణి, ఏది ఎక్కడ రాతలో ఉండాలో, ఏది ఉండకూడదో ఆ మాత్రం తెలుసు. పక్క వీధి మేష్టారి అల్లుడు టాంపా వస్తుంటే గోంగూర డబ్బా సంచిలో పెట్టి పంపుతున్నాను. నూనె మరకలుంటే అది మీ అమ్మ పని.

పోయిన ఆదివారం నువ్వొకటి అడిగావు. "నాన్నా, నీకిక్కడ ఓటుంటే ఏం వేసేవాడివి?" అని. లైను సరిగా లేదన్నాను. లైను బాగానే ఉంది. నాకే జవాబు తెగలేదు.

నాకు అర్థమైనంత వరకూ సంగతి ఇది. ఫ్లోరిడాలో ఇరవై ఒక్క ఏళ్లు నిండినవాళ్లు మూడు ఔన్సుల వరకూ, అంటే 85 గ్రాముల దాకా గంజాయి దగ్గర పెట్టుకోవచ్చు, దుకాణంలో కొనుక్కోవచ్చు అని ఈ నెల 5న జనం ముందు పెట్టారు. మూడో సవరణ. 55.9 శాతం మంది అవునన్నారు. అయినా ఓడిపోయింది. అక్కడ రాజ్యాంగం మార్చాలంటే 60 శాతం కావాలి. నీ రూమ్మేటుకి కోపం వచ్చిందన్నావు. రాదా మరి? మన ఎమ్మెల్యేలు నలభై శాతం తెచ్చుకుని ఊరేగింపులు చేసుకుంటారు. కానీ ఇందులో నాకు నవ్వొచ్చిన ముక్క ఇంకొకటుంది. 60 శాతం కావాలన్న ఆ నియమాన్ని కూడా 2006లో ఇలాగే ఓటుకి పెట్టి తెచ్చుకున్నారు. దానికి వచ్చిన ఓట్లు 58 శాతం కూడా లేవు. తాను ఎక్కలేని గోడ కట్టి ఇంకొకరిని దూకమన్నట్టుంది. మా వకీలు గారు బతికుంటే దీని మీద ఒక పూట వాదించేవారు.

ఇది వాళ్లకి కొత్త కూడా కాదట. వైద్యానికి గంజాయి ఇవ్వాలని 2014లో అడిగితే 57.6 శాతం వచ్చి పోయింది. రెండేళ్లాగి మళ్లీ అడిగారు, 71 శాతం దాటింది. కాబట్టి ఈ పేరంటం మళ్లీ జరుగుతుంది. నీ స్నేహితుణ్ణి మరీ దిగులు పడొద్దను.

అసలు గంజాయిని తీసుకెళ్లి రాజ్యాంగంలో రాయడమేమిటి అనుకున్నాను మొదట. అక్కడ జనం సంతకాలు సేకరించి మామూలు చట్టం తేవడానికి దారే లేదు, రాజ్యాంగ సవరణ ఒక్కటే దారి. ఈసారి 8,91,523 సంతకాలు కావాల్సి వచ్చింది. సంతకాలంటే ఖర్చు, ప్రచారమంటే ఇంకా ఖర్చు. ఆ ఖర్చు భరించిందెవరో చూస్తే నాకు సారా రోజులు గుర్తొచ్చాయి. ట్రూలీవ్ అని, అక్కడ వైద్యం గంజాయి అమ్మే పెద్ద కంపెనీ, 14 కోట్ల డాలర్లకు పైనే పెట్టిందట. ఎదుటి పక్షానికి కెన్ గ్రిఫిన్ అనే ఒక్క కోటీశ్వరుడు 1.2 కోట్లు ఇచ్చాడు. గవర్నరు డిశాంటిస్ ఊళ్లన్నీ కంపు కొడతాయని వద్దన్నాడు. అదే పార్టీ ట్రంప్ తాను అవునని ఓటేస్తానన్నాడు. ఇంట్లో రెండు మొక్కలు వేసుకోవడానికి మాత్రం ఆ సవరణలో చోటు లేదు. కొనుక్కోవాల్సిందే. ఎవరి దగ్గరో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ నాయనమ్మ సంగతి చెప్పాలి. నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు.

1992లో నేను నీ వయసులో ఉన్నాను. డిగ్రీ అయిపోయి ఊళ్లో ఖాళీగా తిరుగుతున్నా. సారా ఉద్యమం మొదలైన దూబగుంట మా ఊరికి దగ్గరే. రాత్రిపూట అక్షరాస్యత క్లాసులు జరిగేవి. వేలిముద్ర వేసే మా అమ్మ అక్కడే పలక పట్టింది. చదువు సంగతెలా ఉన్నా, నలుగురు ఆడవాళ్లు రోజూ ఒకచోట కూర్చున్నారు. కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారు? ఎవరి మొగుడు ఎంత తాగాడు, కూలి డబ్బులు ఎంత మిగిలాయి. మా ఇంట్లో మిగిలేది సున్నా. ఒక రోజు అందరూ కలిసి సారా బండిని ఊళ్లోకి రానివ్వలేదు. తర్వాత నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. మా అమ్మ చీపురు పట్టుకుని వెళ్లింది. పక్కింటి అత్త కారంపొడి మూట కట్టుకుంది. వేలం వాయిదా, మళ్లీ వాయిదా. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా లేదు. 94 డిసెంబరులో ఎన్‌టీఆర్ ప్రమాణం చేసి మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టాడు. 95 జనవరి నుంచి బ్రాందీ, విస్కీ కూడా బంద్.

మా అమ్మ ఆ ఎన్నికల్లో ఓటు వేసింది ఆ ఒక్క మాట చూసే. 97లో నిషేధం ఎత్తేసినప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. ఖజానాకి లోటన్నారు, పక్క రాష్ట్రాల నుంచి దొంగసరుకు వస్తోందన్నారు. అవి నిజమే కావచ్చు. రేడియోలో వార్త విని ఆమె పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు, అంతే. మీ ఫ్లోరిడా వాళ్లు ఒకసారి రాజ్యాంగంలో రాయించుకుంటే, దాన్ని తీసెయ్యాలన్నా మళ్లీ జనం ముందుకే రావాలి. ఆ ఒక్క ఏర్పాటు చూస్తే నాకు అసూయే.

నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. వకీలు దగ్గర చేరిన కొత్తలో తెలివిమీరి అమ్మనొక మాటన్నాను. "మీరు అడగడం సరిగా అడగలేదమ్మా. తాగినవాణ్ణి జైల్లో వేయాలని అడిగుంటే దెబ్బకి మానేవాళ్లు" అని. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండానే అంది: "మీ నాయన్ని జైల్లో పెడితే కూలి ఎవుడు తెస్తాడ్రా? మేం దుకాణం తీసెయ్యమన్నాం గానీ మనిషిని తీసెయ్యమన్లా."

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. కోర్టులో ఏళ్లు గడిచాక ఎక్కింది.

నెల్లూరు హైవే మీద గంజాయి ఎందుకు దొరుకుతుందో నీకు తెలుసు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో పండింది మద్రాసు వైపు పోవాలంటే మన ఊరి పక్కనుంచే పోవాలి. ఒకసారి లారీ క్లీనరు ఒకడు దొరికాడు, పందొమ్మిదేళ్లు. సంచుల్లో ఉన్నది ఇరవై కిలోలు దాటింది. 1985 చట్టం ప్రకారం ఇరవై దాటితే వాణిజ్య పరిమాణం, పదేళ్లకు తక్కువ శిక్ష లేదు, ఇరవై దాకా పోవచ్చు. బెయిలు ఇవ్వాలంటే వీడు నేరం చేసి ఉండడని జడ్జికి ముందే నమ్మకం కుదరాలి. ఎలా కుదురుతుంది? పిటిషన్ నేనే టైపు చేశాను, రెండుసార్లు. రెండుసార్లూ కొట్టేశారు. వాడి తల్లి కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుని, నన్ను చూసినప్పుడల్లా "ఈ వారం పంపిస్తారా సామీ" అనేది. సరుకు ఎవరిదో ఆ ఫైల్లో ఒక్క కాగితం లేదు. వాడికి దాని రుచి కూడా తెలియదన్నాడు. నేను నమ్మాను.

మన దేశంలో దీని మీద ఎవరూ ఎప్పుడూ ఓటు వేయలేదు. తెల్లవాళ్లు 1893లో ఒక కమిషన్ వేస్తే, అది ఏడు సంపుటాలు రాసి, మితంగా వాడితే పెద్ద హాని లేదు, మొత్తంగా నిషేధించక్కర్లేదు, పన్ను వేసి అదుపులో పెట్టుకోండి అంది. తర్వాత అంతర్జాతీయ ఒప్పందం, ఆ పైన 85లో మన పార్లమెంటు చట్టం. ఇప్పటికీ పూత ఉంటే గంజాయి, ఉత్త ఆకైతే కాదు. అందుకే కాశీలో భంగు దుకాణం లైసెన్సుతో నడుస్తుంది, ఇక్కడ పిల్లాడు జైల్లో ఉంటాడు. చట్టం చదివేవాళ్లకి ఇది వింతగా అనిపించదు, అదే వింత.

అదేమీ చెయ్యదు, మందు కంటే మేలు అని మీ వాళ్లంటున్నారు చూడు, దానికి నేను ఒప్పుకోను. మన వీధిలో ఒక కుర్రాడు ఇంజనీరింగ్ మధ్యలో గదిలో కూర్చుండిపోయాడు, ఎవరో తనని వెంటాడుతున్నారంటాడు. అందరికీ అలా అవుతుందని కాదు. కొందరికి అవుతుంది, ఆ కొందరెవరో ముందు తెలియదు. ఇప్పుడు దుకాణాల్లో అమ్మేది మా కాలంలో సాధువులు పీల్చిన దానికంటే చాలా ఘాటైంది కూడా.

ఇక నీ ప్రశ్న. నాకు కావాల్సింది మా అమ్మ అడిగిందే. మనిషికి జైలు వద్దు, వీధిలో దుకాణమూ వద్దు. ఆ ఓటు కాగితం మీద ఆ గడి లేదు. అవునంటే జైలు పోతుంది, కానీ కంపెనీ బోర్డు లేస్తుంది. కాదంటే బోర్డు రాదు, కానీ ఇరవై గ్రాముల లోపు దొరికినవాడికీ ఏడాది దాకా జైలు, వెయ్యి డాలర్ల జరిమానా అలాగే ఉంటాయి. గడులు రెండే, ఆ రెండూ ఎలా ఉండాలో ముందే ఎవరో రాసిపెట్టారు. జనం ఓటు వేయడం గొప్పే, ప్రశ్న రాసేవాడి చేతిలో ఇంకా ఎక్కువ ఉంటుంది.

తప్పించుకుంటున్నాననకు. వేసేదైతే అవునని వేసేవాణ్ణి, సణుక్కుంటూ. వేపచెట్టు కింద ఆవిడ కోసం. మీ అమ్మని అడిగితే కాదంటుంది, అది కూడా రాస్తున్నా.

ఇదంతా ఓటున్నవాళ్ల గొడవ. నీకు లేదు. జూన్‌లో మీరంతా డెన్వర్ వెళ్లొచ్చారు. దుకాణంలోకి వెళ్లి చూశామన్నావు. చూసి ఊరుకున్నారా అని నేనడగలేదు, నువ్వు చెప్పలేదు. కొలరాడో జనం 2012లో ఓటేసి మార్చుకున్నది వాళ్ల రాష్ట్ర చట్టాన్ని. నీ వీసా ఇచ్చింది కొలరాడో కాదు. వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం లెక్కలో గంజాయి ఈ రోజుకీ హెరాయిన్ ఉన్న మొదటి జాబితాలోనే ఉంది. మూడో జాబితాలోకి దించుతామని మే నెలలో ప్రతిపాదించారు, ఇంకా దించలేదు. ఇరవై నాలుగు రాష్ట్రాల్లో సరదాకి వాడుకోవచ్చు, కానీ పౌరుడు కానివాడికి ఆ ఇరవై నాలుగూ ఉన్నట్టా లేనట్టా అంటే లేనట్టే. కేసు పడక్కర్లేదు, శిక్ష పడక్కర్లేదు, వాడానని నోటితో ఒప్పుకున్నా దేశంలోకి రానివ్వకపోవచ్చు. రాష్ట్రం అనుమతించినా సరే, పౌరసత్వం అడిగేటప్పుడు సత్ప్రవర్తన లేదనడానికి అది కారణమవుతుందని 2019లో వాళ్ల ఇమిగ్రేషన్ వాళ్లు రాతపూర్వకంగానే పెట్టారు. ఆ దుకాణాల్లో ఉద్యోగం చేసినా అంతే. మీ వాళ్లలో ఎవరైనా ఆ కంపెనీలకి సాఫ్ట్‌వేర్ చేయడానికి వెళ్తుంటే ఈ మాట చెప్పు.

పార్టీల్లో గమ్మీలు, చాక్లెట్లు ఎవరైనా ఇస్తే అందులో గంజాయి ఉందేమో అడిగి తిను. సిగ్గుపడకు.

అబద్ధం చెప్పమని నేను చెప్పను. కాన్సులేటులో అబద్ధం ఇంకో కేసు. అక్కడే ఒక ఇమిగ్రేషన్ లాయరుని టికెట్ కొనకముందే కలువు. డెన్వర్ సంగతి ఏమున్నా లేకపోయినా ఉన్నది ఉన్నట్టు ఆయనకి చెప్పు. వకీలుకి చెప్పింది బయటికి పోదు, అది ఇక్కడా అక్కడా ఒకటే. ఫీజు ఎంతో ఫోనులో అంకె మాత్రం చెప్పు, దేనికని చెప్పకు. నేను పంపుతాను. ఆయన ఈసారి రావద్దంటే రావద్దు. సంక్రాంతి వచ్చే ఏడాదీ వస్తుంది. మీ అమ్మకి నేను ఏదో ఒకటి చెప్పుకుంటాను.

ఆమె ఇప్పుడే వచ్చి, ఇంత పొడుగు ఏం రాస్తున్నావంది. స్టాంపింగుకి కావాల్సిన కాగితాల జాబితా అన్నాను. గోంగూర ఫ్రిజ్‌లో పెట్టమని, తడి స్పూను పెట్టొద్దని రాయమంది.

ఇట్లు,
మీ నాన్న