హాస్టల్ కూరగాయల కాంట్రాక్టులో చిన్న రైతుకి చోటివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా చిన్నాయన చేవెళ్ల దగ్గర ఎకరంన్నరలో టమాట, బెండ వేస్తాడు. పోయినేడు ఒక సర్కారు హాస్టల్‌కి కూరగాయలు సప్లై చేద్దామని అడగబోతే టర్నోవర్ ఎంత, డిపాజిట్ కడతారా, ఏడాదంతా అన్ని రకాలూ ఒకే రేటుకి ఇస్తారా అన్నారట, ఎకరంన్నర మనిషి ఇవన్నీ ఎక్కడినుంచి తెస్తాడు, తిరిగొచ్చేశాడు. ఆ టమాటలే తెల్లారకముందే ఆటోలో వేసుకుని మెహదీపట్నం రైతుబజార్‌కి తెస్తాడు, సాయంత్రానికి మిగిలినవి ఎంతకి అడిగితే అంతకి ఇచ్చేసి పోతాడు.

బ్రెజిల్ సంగతి చదివాక ఈ ఉత్తరం రాయాలనిపించింది. అక్కడ 2003లో చిన్న రైతుల పంట సర్కారే కొనే స్కీమ్ పెట్టారు, 2009లో చట్టం తెచ్చి బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బుల్లో కనీసం 30 శాతం ఇలాంటి రైతు కుటుంబాల దగ్గరే ఖర్చుపెట్టాలన్నారు. అందరూ ఈ 30 గురించే చెప్తారు గానీ నాకైతే అసలు కీలకం వేరే అనిపిస్తుంది, వాళ్ల దగ్గర కొనడానికి మామూలు టెండర్ అక్కర్లేదు, ఫలానావి ఇంత కావాలి, ధర ఇంత అని ముందే ప్రకటిస్తారు, తక్కువకి కోట్ చేసినవాడికే అనే పోటీ ఉండదు.

2012లో ఇథియోపియా, మలావి, మొజాంబిక్, నైజర్, సెనెగల్ ఈ ఆలోచన తీసుకున్నాయి, కానీ మక్కీకి మక్కీ దించలేదు. ఇథియోపియాలో సహకార సంఘాల యూనియన్ల ద్వారా కొన్నారు, మలావిలో బడుల చేతికే డబ్బులిచ్చి దగ్గరి రైతు సంఘాల దగ్గర కొనుక్కోమన్నారు. ఎవరి దగ్గర ఏముందో దాన్నిబట్టి.

మన దగ్గర ఐకేపీ సెంటర్లున్నాయి కదా, మహిళా సంఘాలు ఊళ్లల్లో ఏళ్లుగా వడ్లు కొంటున్నాయి. జహీరాబాద్ వైపు ఆడవాళ్ల సంఘాలైతే 1990లలోనే జొన్నలు పండించి, ఊళ్లోనే దాచి, పేదోళ్లకి తక్కువ ధరకి ఇచ్చాయి. ఆ సంఘాలకే నలుగురైదుగురు రైతుల కూరగాయలు పోగుచేసి దగ్గరి హాస్టల్‌కి వేసే పని ఇవ్వొచ్చు, రేటు ఆ రోజు రైతుబజార్ బోర్డు మీదున్నదే పెట్టొచ్చు. కూరగాయలు వడ్లలా ఆగవు, కాబట్టి గేటు దగ్గర తూకం, పనికిరావని తిప్పి పంపడం ఇవన్నీ ముందే మాట్లాడుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం పైసలు. బడిలో వంట చేసే అక్కలకే బిల్లులు నెలల తరబడి ఆగుతున్నాయని పేపర్లలో చూస్తూనే ఉన్నాం, రైతుకి కూడా అట్లాగే ఆపితే రెండో వారానికే మళ్లీ దళారి దగ్గరికి పోతాడు. వారంలోపు ఖాతాలో పడేలా రూల్ పెట్టి, ముందు చేవెళ్ల, షాబాద్ లాంటి ఒకట్రెండు మండలాల్లో మొదలుపెట్టమని అధికారులని కోరుతున్నా.

ఇట్లు
మీ పాఠకుడు, టోలిచౌకి, హైదరాబాద్