శనివారం 30 కిలోమీటర్లు ఎందుకు పూర్తి చేయలేకపోయామంటే

శనివారం మాతో వచ్చిన ఎనిమిది మందికీ, రాబోయే వారాలకి బుక్ చేసుకున్నవాళ్లకీ ఈ సంగతి నేనే చెప్పాలి. రోజంతా సాగే కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) ప్రయాణం 30 కిలోమీటర్లని చెప్పి, 21 దగ్గరే ఒడ్డెక్కించాం. ఆ తప్పు నాది.

ఉదయం ఆరింటికి నీళ్లలో దిగాలి. ఇద్దరు ఇంకా రాలేదని ఆగాను, ఏడుంపావైంది. తెడ్డు కాస్త గట్టిగా వేస్తే ఆ టైం కలిసొస్తుందనుకున్నాను. కలిసిరాదు. గుంపుగా వెళ్లినప్పుడు గంటకి ఐదు, మహా అయితే ఐదున్నర కిలోమీటర్లు. అందరికన్నా నెమ్మదిగా వచ్చేవాళ్ల వేగమే గుంపు వేగం, వాళ్లని తొందరపెట్టకూడదు కూడా.

పొద్దున మాత్రం ఎంత బాగుందో! కొండల నీడలో నీళ్లు కదలకుండా ఉన్నాయి. అందరం తెడ్లు ఎత్తి పట్టుకుంటే, వాటి అంచుల నుంచి జారే చుక్కల చప్పుడు వినిపించింది. అక్కడ పది నిమిషాలు ఎక్కువే ఆగాం, దానికి నాకేం బాధ లేదు.

అసలు చిక్కు సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కొండ దగ్గర వచ్చింది. అలాంటి చోట నీటి లాగుడు ఎక్కువ. పోటు తిరగకముందే, పదకొండున్నర లోపు దాన్ని దాటాలన్నది ప్లాన్. మేం చేరేసరికి ఒంటిగంట. నీళ్లు ఎదురు తిరిగాయి. నేల వేడెక్కాక మొదలయ్యే మధ్యాహ్నపు గాలి కూడా ఎదురే. కొండకి కొట్టుకుని వెనక్కొచ్చే అలలతో కయాక్ నిలకడగా లేదు. తెల్లటి చారలున్న ఒక బండని గుర్తు పెట్టుకుని పది నిమిషాలు తెడ్డు వేశాం. తలతిప్పి చూస్తే బండ పక్కనే ఉంది. మనం ఐదున్నర వేగంతో వెళ్తుంటే నీళ్లు 3 నాట్లతో, అంటే అవీ గంటకి ఐదున్నర కిలోమీటర్ల వేగంతోనే, వెనక్కి లాగుతున్నాయి మరి. ఒకావిడ వేళ్లు తెడ్డు మీద బిగుసుకుపోయి విప్పలేకపోవడం చూశాక ఇక ఆలోచించలేదు. వెనకున్న చిన్న పాయలోకి తిప్పేసి, బండి అక్కడికే పిలిపించాను.

వచ్చిన అందరికీ సగం డబ్బు వెనక్కి ఇస్తున్నాం. మిగిలిన 9 కిలోమీటర్లు చూడాలనుకునేవాళ్లు ఇంకో రోజు ఉచితంగా రండి, ఆ భాగం వదులుకోదగ్గది కాదు.

ఇక నుంచి బయల్దేరే టైం దాటితే ఎవరి కోసమూ ఆగం. ఆలస్యంగా వచ్చినవాళ్లకి మరో తేదీ ఇస్తాం. ఆ టైం కూడా ప్రతిసారీ ఆరు కాదు. ఆటుపోట్లు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి, వారం తిరిగేసరికి అదే గంటకి నీళ్లు ఇంచుమించు ఎదురు దిక్కులో పారతాయి. అందుకే వచ్చే శనివారం అవతలి చివర నుంచి మొదలుపెడుతున్నాం. ఎక్కడికి, ఎన్నింటికి రావాలో ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి చెప్తాను.