నైట్ డ్యూటీల లెక్క ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

మే 12న నర్సుల దినోత్సవమని ఆసుపత్రుల్లో నర్సులకు బీపీ, షుగరు చూసి చీటీ చేతిలో పెడతారు. అంతటితో సరి. బెంగళూరు ఆసుపత్రుల్లో చిత్తూరు, అనంతపురం, కోలారు వైపు నుంచి వచ్చిన మన నర్సులున్నారు. వీళ్ల ఆరోగ్యాన్ని పాతికేళ్లపాటు గమనించే అధ్యయనం ఈ ఊళ్లో మొదలవ్వాలి.

అమెరికాలో 1976లోనే లక్షా ఇరవై వేల పైచిలుకు నర్సులతో మొదలుపెట్టారు. రెండేళ్లకోసారి పోస్టులో ప్రశ్నలు పంపారు. తర్వాత కాలిగోళ్ల ముక్కలు, రక్తం కూడా సేకరించారు. ఏళ్ల తరబడి నైట్ షిఫ్టులు చేసినవాళ్లకు గుండెజబ్బు ముప్పు కొంత ఎక్కువని అందులోనే తేలింది. మనవల్ల కాదనడానికీ లేదు. పక్కనే కోలారు జిల్లా శ్రీనివాసపురంలో 45 ఏళ్లు దాటిన గ్రామస్థులతో భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లోని మెదడు పరిశోధన కేంద్రం ఇలాంటి పనే చేస్తోంది.

అయితే ‘నైట్ చేస్తారా? అవును/కాదు’ అని అడిగితే ఒరిగేదేం లేదు. నెలకెన్ని, వరసగా ఎన్ని, ఎన్నేళ్లుగా అన్నది డ్యూటీ రోస్టర్ చూసి రాసుకోవాలి. నైట్లు మానేసినవాళ్లు ఎందుకు మానేశారో కూడా అడగాలి. ఒంట్లో బాగోనివాళ్లు ముందే తప్పుకుంటే, గట్టివాళ్లే మిగిలి ‘నైట్ల వల్ల నష్టం లేదు’ అన్నట్టు లెక్క తేలుతుంది.

రక్తం తీసేచోట ఇంకో తిరకాసు. రాత్రి రెండింటికి డబ్బా విప్పి తిన్న మనిషికి ఉదయం ఎనిమిదింటికి తీసి ‘పరగడుపు’ అని రాస్తే ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) తప్పు చెబుతాయి. చివరిసారి ఎప్పుడు తిన్నారో, ఎప్పుడు నిద్రలేచారో ట్యూబు మీది నంబరుతోపాటే నమోదు కావాలి. రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు గానీ, ఐరన్ లోపముంటే అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా చూడాలి. జన్యు పరీక్షలకని, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో తీసిన రక్తాన్ని చిన్న చిన్న గొట్టాల్లోకి పంచి మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి. ఒకే గొట్టాన్ని పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే శాంపిల్ పాడవుతుంది. మన కరెంటు సంగతి తెలిసిందే, జనరేటర్ తప్పనిసరి.

తిండి ప్రశ్నల్లో సంగటి, ఉగ్గాని, ఊరగాయ లేకపోతే ఉప్పు లెక్క గాలిలో దీపమే. గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు జారిపోకుండా ఇంట్లోవాళ్ల నంబరు కూడా తీసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించేది నర్సింగ్ సూపరింటెండెంట్ కాకూడదు. డ్యూటీలు వేసే మనిషి అడిగితే ఎవరు కాదంటారు? జన్యు ఫలితాలు యాజమాన్యానికీ, బీమా కంపెనీకీ అందవని ఆ పత్రంలోనే తెలుగు, కన్నడ, మలయాళాల్లో రాసివ్వాలి.

— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు