దుగ్గిరాల పసుపు యార్డు దగ్గర సాయం చేసిన బాబాయ్‌కి

మొన్న మార్చిలో అమ్మని తీసుకుని తెనాలి నుంచి దుగ్గిరాల వెళ్ళా, అమ్మ వాళ్ళ నాన్న పసుపు అమ్ముకున్న యార్డు ఒకసారి చూడాలంది. బస్తాల మధ్య ఎండలో తిరుగుతుంటే అమ్మకి కళ్ళు తిరిగి కూలబడిపోయింది, నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

తెల్ల పంచె, భుజాన కండువా, మీరే పరిగెత్తుకొచ్చి నీడలో కూర్చోబెట్టి, మీ క్యారేజీలో మజ్జిగ తాగించి, మీ సరుకు వేలంపాట టైమైనా వదిలేసి ఆటో ఎక్కించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. డబ్బులిస్తే "మా అక్క లాంటిది అమ్మాయ్" అన్నారు. పేరు కూడా అడగలేదు బాబాయ్, క్షమించండి.

అమ్మ ఇప్పుడు బాగుంది. మీరు చేతిలో పెట్టిన ఆ రెండు పసుపు కొమ్ములు దేవుడి దగ్గర పెట్టుకుంది. ఆ రోజు మీ పసుపుకి మంచి రేటు వచ్చిందో లేదో అని రోజూ అడుగుతోంది. చాలా చాలా థాంక్స్ బాబాయ్.