సాన్సా చెప్పిన అబద్ధం

ప్రియమైన రఘూ,

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సీరియల్ అంతా మళ్ళీ చూశావనీ, కష్టాలే స్టార్క్ వంశపు అమ్మాయి సాన్సాను రాణిగా నిలబెట్టాయని నీకనిపించిందనీ రాశావు. ఆ ఒక్క మాట దగ్గరే నీతో ఏకీభవించలేకపోతున్నాను.

రెండో సీజన్ మొదటి ఎపిసోడ్ గుర్తు తెచ్చుకో. తాగి వచ్చిన డాంటోస్ అనే యోధుణ్ణి తన పుట్టినరోజు నాడే చంపించబోతున్న కుర్రరాజు జాఫ్రీతో, పుట్టినరోజున ప్రాణం తీస్తే అరిష్టమని సాన్సా అప్పటికప్పుడు అల్లి చెబుతుంది. ఆస్థాన విదూషకుణ్ణి చేస్తే చాలునని నచ్చజెప్పి అతన్ని బతికిస్తుంది. శత్రువుల కొలువులో ఒంటరిగా ఉన్న పిల్లకు అంతటి సమయస్ఫూర్తి అప్పటికే ఉంది.

ఆ అమ్మాయినే ఐదో సీజన్‌లో క్రూరుడైన రామ్సేకు కట్టబెట్టారు. సీరియల్‌కు మూలమైన నవలల్లో ఆ పెళ్ళి జరిగేది సాన్సాకు కాదు, ఆమె చెల్లెలు ఆర్యా పేరుతో పంపిన జేన్ పూల్ అనే మరో అమ్మాయికి. పైగా పెళ్ళి రాత్రి రామ్సే ఆమెపై అత్యాచారం చేసే దృశ్యం ముగిసేటప్పుడు కెమెరా నిలిచేది సాన్సా మీద కాదు, చూస్తూ ఏడుస్తున్న రామ్సే బందీ థియాన్ ముఖం మీద. ఆమె అనుభవించిన నరకం అతని మార్పుకు సాధనమైంది.

యోధురాలు బ్రియాన్ విషయంలో అలా జరగలేదు. 2012లో లోరాస్ అనే యోధుణ్ణి పోటీలో ఓడించి తెరమీదికి వచ్చిన ఆమె, సాన్సా తల్లి కాట్లిన్‌కు ఇచ్చిన మాట కోసం ఊళ్ళు తిరిగి, ఎగతాళులు భరించి, 2019లో గానీ నైట్ (యోధులకిచ్చే గౌరవ హోదా) కాలేదు. ఆ హోదా ఇవ్వడానికి నైట్ జేమీ ఆమెను మోకరిల్లమన్నప్పుడు పెద్ద సంభాషణలేవీ అవసరం లేకపోయాయి. ఏడేళ్ళుగా ఆమె చేసినదంతా మనకు తెలుసు కనుక, లేచి నిలబడినప్పటి ఆ నవ్వే చాలింది.

సింహాసనం కోసం పోరాడిన డెనేరిస్‌కు దక్కనిది సరిగ్గా ఆ వ్యవధే. ఆమె క్రూరత్వం ఉన్నట్టుండి ఊడిపడిందని నేననను. మీరీన్ నగరంలో 163 మంది బానిస యజమానులను కొయ్యలకు కొట్టించిన నాడే దాని జాడ కనిపించింది. కానీ ఆరు సీజన్ల పాటు పదేసి ఎపిసోడ్లుగా సాగిన కథను ఏడో సీజన్‌లో ఏడుకు, ఎనిమిదిలో ఆరుకు కుదించేసరికి, లొంగుబాటు గంటలు మోగాక కూడా రాజధాని నగరాన్ని ఎందుకు తగలబెట్టిందో ఆమె ముఖం చూసి మనమే ఊహించుకోవలసి వచ్చింది. పిచ్చిరాజుగా పేరుపడ్డ తండ్రి పిచ్చి కూతురికి వచ్చిందని సరిపెట్టుకోవడం నాకు మింగుడుపడదు.

మళ్ళీ సాన్సా దగ్గరికే వస్తాను. కుతంత్రాల లిటిల్‌ఫింగర్, రామ్సే వంటివాళ్ళు లేకపోతే జన్మంతా చిన్న పిట్టలాగే ఉండిపోయేదాన్నని ఎనిమిదో సీజన్‌లో ఆమె అంటుంది. ఆ మాట వింటున్నది ఒకప్పటి జాఫ్రీ అంగరక్షకుడు హౌండ్. డాంటోస్‌ను కాపాడిన నాడు జాఫ్రీ ముందు ఆమె అబద్ధానికి వంత పాడి నిలబెట్టినవాడూ అతనే. ఆ రెండు దృశ్యాలనూ ఒకదాని వెంట ఒకటి చూసి, నీకేమనిపించిందో తప్పక రాయి.

నీ,
మాధవి