ఇంట్లో కూర్చుని నర్సింగ్ చదివిస్తారంట!

ఎడిటర్ గారికి నమస్కారం,

మా అక్క కూతురు బైపీసీ పాసయ్యింది, ఎవరో ఏజెంట్ ఫోన్ చేసి బీఎస్సీ నర్సింగ్ అంతా ఆన్‌లైన్లోనే అయిపోద్ది, పరీక్షకి వస్తే చాలు అన్నాడంట, మా బావ అడ్వాన్స్ కట్టేయబోతుంటే నేనే ఆపా. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ రూల్స్ ప్రకారం నర్సింగ్‌ని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్లో గానీ చెప్పకూడదు. సెలైన్ ఎక్కించడం ఫోన్లో చూసి నేర్చుకుంటారా అండీ?

జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు, ఏదైనా వార్డుల్లో డ్యూటీ చెయ్యాల్సిందే. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్లోనే చూసుకోండి, గోడకి ఫ్రేం కట్టిన పాత కాగితం చూసి మోసపోవద్దు. బీఎస్సీకైతే మన తెలంగాణలో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, ఏపీలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అఫిలియేషన్ కూడా అడగండి. గుర్తింపు లేకపోతే కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అవ్వదు, అది లేకుండా గవర్నమెంట్ పోస్టూ రాదు, గల్ఫూ రాదు.

ఇంకోటి, క్లినికల్స్, అంటే పేషెంట్ల దగ్గర చేసే ట్రైనింగ్, ఏ ఆస్పత్రిలో అని అడిగితే ఆ ఏజెంట్ ఫోన్ పెట్టేశాడు. ఇలాంటి ప్రకటనలు పేపర్లో వేసే ముందు మీరూ కాస్త చూడండి సార్.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఖమ్మం