మూడు బొంతలు ఎందుకు లేటయ్యాయి, కుట్టు డిజైన్ ఇకనుంచి ఎలా చూస్తాం

అందరికీ నమస్తే అండి. సంక్రాంతికి ఇస్తానన్న బొంతల్లో మూడు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఆ ముగ్గురికీ ఫోన్ చేసి చెప్పాను, మిగతావాళ్లు కూడా మాదెప్పుడు మాదెప్పుడు అని అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాసేస్తున్నా. తప్పు నాదే.

విజయవాడ సింగ్ నగర్ నుంచి ఒకావిడ వాళ్లమ్మగారి చీరలు ఆరు తెచ్చారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు బీరువా సగం దాకా మునిగిందంట, ఎన్నిసార్లు ఉతికినా బురద మరకలు పోలేదు, కట్టుకోడానికి పనికిరావు, పారేయడానికి మనసొప్పదు. అన్నీ మెత్తటి నూలు చీరలు, రెండు మంగళగిరివి. మరకలేని చోట ముక్కలు కోసి ప్యాచ్‌వర్క్ బొంత చేద్దామనుకున్నాం. ఆవిడ ఫోన్‌లో ఫొటో చూపించి ఇలా ఐమూల గళ్ళ కుట్టు కావాలన్నారు, రెండంగుళాల గళ్ళు, ఫొటోలో చాలా బావుంది, నేను సరేననేశా.

గుడ్డ చేత్తో పట్టుకుని చూసి అప్పుడు మాట్లాడాల్సింది నేను. గుడ్డని నిలువుగా అడ్డంగా లాగితే పెద్దగా సాగదు, ఐమూలగా లాగితే సాగుద్ది, జాకెట్లు కుట్టించుకునే వాళ్లకి క్రాస్ కటింగ్ సంగతి తెలుసుగా, అదే ఇది కూడా. ఏళ్ల తరబడి ఉతికి పలచబడ్డ నూలు అయితే ఇంకా సాగుద్ది. ఒక గీత ఇటు, ఒక గీత అటు మిషన్ మీద కుట్టుకుంటా పోయేసరికి గళ్ళ మధ్యలో గుడ్డ ఉబ్బి లేచింది, రెండో రోజు లైటు కింద పరిచి చూస్తే సూది పోయిన దారెంట సన్న సన్న చీలికలు. మా దగ్గర చేతికుట్టు కుట్టే పిన్నిగారు వేలితో తడిమి చూసి "పాత గుడ్డకి ఇన్ని పోట్లు పొడిస్తే ఏం నిలబడుద్దమ్మా" అన్నారు.

లెక్క వేసి చూశా. బొంత 60 బై 90 అంగుళాలు. రెండంగుళాల గళ్ళంటే రెండు వైపులా కలిపి 450 అడుగుల కుట్టు పడుద్ది, అదే మూడంగుళాలకో నిలువు గీత అయితే 150 అడుగులే. కుట్టు దగ్గరయ్యే కొద్దీ బొంత అట్టలా బిర్రుగా అవుద్ది, కొంచెం కుంచించుకుపోద్ది కూడా, కప్పుకుంటే ఒంటికి అతుక్కోదు.

ఆవిడకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కుట్టు విప్పడానికే నాలుగు రోజులు పట్టింది, చిరిగిన ముక్కలు తీసేసి వేరేవి పెట్టాం, ఆ ఖర్చంతా మాదే. ఇప్పుడు పిన్నిగారు చేత్తో నిలువు గీతలు వేస్తున్నారు, మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి, ముందు కచ్చా కుట్టు వేసుకుని. ఒక ముక్క మూలన చాకలి గుర్తు ఉంది, నల్ల ఇంకుతో రెండు చుక్కలు ఒక గీత. ఆవిడ వచ్చి చూసి, మా ఇంటి గుర్తండి ఇది, దీని మీద కుట్టు పడకుండా చూడండి అన్నారు. గీతని దానికి అరంగుళం పక్కకి జరిపాం.

మిగతా రెండు బొంతలూ ఇవే గళ్ళకి ఒప్పుకున్నవి, అందుకే ఆపాను. ఒకటి వస్త్రలత బట్టల మార్కెట్‌లో కొన్న కొత్త కాటన్, దానికి గళ్ళు వేయొచ్చు, కాకపోతే ముక్కలకి ముందు గంజి పెట్టి ఇస్త్రీ చేసి కుడతాం, సాగకుండా ఉంటది, అయిపోయాక ఉతికితే గంజి పోద్ది. రెండోది పాత చీరలే, వాళ్లు నిలువు గీతలకి ఒప్పుకున్నారు.

ఇకనుంచి చీరలు చూడకుండా డిజైన్ ఒప్పుకోను. పూల ప్రింటు మీద ఎంత కష్టపడి తీగలూ శంఖాలూ కుట్టినా కనపడవు, ప్లెయిన్ ముక్కలు ఎక్కువుంటేనే ఆ డబ్బు పెట్టండి. లోపల దూది పెట్టమంటే మాత్రం కుట్టు దూరంగా వేయలేను, నాలుగు ఉతుకులకి ఉండలు కట్టేస్తది. చేతికుట్టులో పెద్ద పెద్ద కుట్లు అందంగా ఉంటాయి గానీ రాత్రి పడుకున్నప్పుడు మెట్టెలకి తగులుకుని దారం లాగేస్తాయి, పెట్టుకునేవాళ్లు ఉంటే ముందే చెప్పండి, చిన్న కుట్టు వేయిస్తా. మధ్యలో దట్టంగా, అంచుల్లో పలచగా కుట్టమని కొందరు అడుగుతున్నారు, అలా చేస్తే అంచులు అలలు తిరిగి బొంత నేల మీద సాపుగా పడదు, అది చేయను.

చేతికుట్టు బొంతకి మూడు వారాలు, మిషన్‌ది పది రోజులు, ఇంతకంటే ముందు అడగకండి ప్లీజ్. సింగ్ నగర్ వాళ్లది అంచు ఒక్కటే మిగిలింది, ఆదివారం ఇచ్చేస్తాం. కొత్తగా చీరలు తెచ్చేవాళ్లు గంజి పెట్టకుండా ఉతికి తీసుకురండి, ఫాల్ మీరు విప్పకండి, అంచు చిరుగుద్ది, మేం విప్పుకుంటాం.